తక్కువ ఖర్చులో, ఒకే గిన్నెలో ఇంటిల్లిపాదికీ పాస్తా చేయడం ఎలా?

మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదండీ: ఇంట్లో ఐదుగురు, పిల్లలు వారానికోసారి పాస్తా కావాలంటున్నారు, బయట తెప్పిస్తే ఖర్చు తట్టుకోలేకపోతున్నారు. పాస్తా ఒకచోట ఉడకబెట్టి వార్చి, సాస్ వేరే మూకుట్లో చేసి, మళ్ళీ రెండూ కలిపే ఓపిక సాయంత్రం ఉండటం లేదు. అన్నీ ఒకే గిన్నెలో పెడితే పైన పలుకు, కింద ముద్ద, అడుగు మాడు.

మా ఇంట్లోనూ ఐదుగురం. మావారు, నేను, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు. కూకట్‌పల్లిలో ఉంటాం. నాలుగేళ్లుగా మాకు శుక్రవారం రాత్రి భోజనం ఇదే. మొదటి రెండుసార్లూ నాకూ మీకు జరిగినట్టే జరిగింది. పిల్లలు నోరెత్తకుండా సగం తిని కంచాలు పక్కన పెట్టేస్తే చాలా బాధేసింది. అరకిలో పాస్తా పారేయడం అంటే మాటలు కాదు కదా.

తప్పు ఎక్కడుందో మూడోసారి తెలిసింది. ప్యాకెట్ వెనక రాసినట్టు నీళ్ళు ఎక్కువ పోసి, అవే ఇగిరిపోతాయిలే అనుకుని మంట మీద వదిలేసేదాన్ని. నీళ్ళు ఇగిరేలోపు పాస్తా మెత్తబడిపోయేది. ప్యాకెట్ మీద రాసేది వార్చే పద్ధతి. ఇటలీలో నూరు గ్రాముల పాస్తాకు లీటరు నీళ్ళు, ఆ లీటరుకు సుమారు పది గ్రాముల ఉప్పు వేసి ఉడికిస్తారు. తర్వాత నీళ్ళు పారబోస్తారు కాబట్టి వాళ్లకు ఆ లెక్క సరిపోతుంది. ఒకే గిన్నెలో చేసేటప్పుడు మనం ఏమీ పారబోయం. అంటే ఇది ఉప్మాకో పులావుకో ఎసరు పెట్టడం లాంటిది. పాస్తాకూ ఎసరు కొలత ఉంది. అది పట్టుబడితే మిగతాదంతా మీకు వచ్చిన వంటే.

కొలత చెప్తాను. పావు లీటరు పట్టే స్టీలు గ్లాసు ఒకటి పెట్టుకోండి. పెన్నె అంటారే, ఏటవాలుగా కోసిన గొట్టాలు, అవి గ్లాసుకు సుమారు వంద గ్రాములు పడతాయి. నాలుగు గ్లాసుల పెన్నె, అంటే 400 గ్రాములు, కూరగాయలూ శనగలూ కలిస్తే మా ఐదుగురికీ కడుపు నిండుతుంది. దీనికి అరకిలో టమాటాలు వేస్తే, నాలుగు గ్లాసుల నీళ్ళు. గ్లాసుకు గ్లాసు. టమాటా తగ్గిస్తే ఇంకో అర గ్లాసు పోయండి. మాకరోనీ అయితే చిన్నగా ఉండి గ్లాసులో ఎక్కువ పడుతుంది, గ్లాసుకు గ్లాసుంపావు కావాలి. స్పెగెటీ, అంటే పొడుగు తీగల్లాంటి పాస్తా, ఈ పద్ధతిలో వద్దు, గ్లాసుతో కొలవలేం, చిక్కుపడి అడుగున అట్ట కడుతుంది.

పాస్తా కొనేటప్పుడు ప్యాకెట్ వెనక ఒక్కసారి చూడండి. డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉంటే అది గట్టి గోధుమతో చేసింది, ఎసట్లో ఉడికినా గొట్టం గొట్టంగానే నిలబడుతుంది. మైదాతోనో మామూలు గోధుమ రవ్వతోనో చేసినవి, కిలోల లెక్కన విడిగా అమ్మేవి చాలావరకు అవే, నాలుగు రూపాయలు తక్కువే కానీ రెండు నిమిషాలు ఎక్కువైతే చాలు, చిదిగిపోతాయి. మిగతా అన్నిటిలో నేను పొదుపు చూస్తాను, ఇక్కడ మాత్రం చూడను.

ఇక వంట. పొద్దున్నే 150 గ్రాముల కాబూలీ శనగలు నానబోసి వెళ్తాను. సాయంత్రం వాటిని ఐదు లీటర్ల కుక్కర్లో అయిదారు విజిల్స్ రానిచ్చి, నీళ్ళతో సహా ఒక గిన్నెలోకి వంపేస్తాను. ఆ నీళ్ళు పారబోయకండి, ఎసట్లోకి అవే. పాస్తాలో శనగలేమిటి అని మావారు మొదట్లో అడిగారు. రోమ్‌లో పాస్తా, శనగలు ఒకే గిన్నెలో వండే వంటకం ఎప్పటినుంచో ఉంది, పాస్తా ఎ చేచి అంటారు. మాంసం కొనలేని ఇళ్లలో కడుపు నింపిన తిండి అది. చికెన్ లేకుండా పిల్లలకు మాంసకృత్తులు అందాలంటే ఇంతకంటే చవకైన దారి నాకు తెలీదు.

అదే కుక్కర్ మళ్ళీ పొయ్యి మీద పెట్టి మూడు చెంచాల వేరుశనగ నూనె, పది పన్నెండు వెల్లుల్లి రెబ్బలు సన్నగా తరిగి వేయండి. వెల్లుల్లి అంచులు దోరగా రంగు తిరగ్గానే రెండు ఉల్లిపాయల ముక్కలు. మాడిన వెల్లుల్లి చేదు గిన్నె మొత్తానికీ పడుతుంది, అందుకే అక్కడ నించోండి, ఫోన్ తీయకండి. ఉల్లిపాయ మెత్తబడ్డాక టమాటా ముక్కలు, రెండు టీస్పూన్ల ఉప్పు, ఒక చెంచా ఎండుమిరప గింజల పొడి. మూత పెట్టి మగ్గనిచ్చి, టమాటా పూర్తిగా చితికి అంచుల్లో నూనె తేలేదాకా ఆగండి. ఇక్కడ తొందరపడితే ఎంత చీజ్ వేసినా పచ్చి వాసన పోదు. తర్వాత క్యారెట్, క్యాప్సికం, చేతిలో ఉన్న ఇంకేదైనా కూరగాయ.

గరం మసాలా మాత్రం వేయకండి. పిల్లలకు పాస్తా కావాలి, పులావు కాదు. సువాసన కోసం ఒరెగానో కొనక్కర్లేదు. మా బాల్కనీ కుండీలో వామాకు ఉంది, బజ్జీలు వేసుకుంటామే, అదే. ఒరెగానోకు ఆ ఘాటునిచ్చే పదార్థాలే వామాకులోనూ ఉంటాయి. రెండు ఆకులు సన్నగా తరిగి చివర్లో కలిపితే ఇల్లంతా వాసన. మూడో ఆకు వేస్తే మందు వాసన వస్తుంది, రెండుతో ఆపండి.

కూరగాయలు రెండు నిమిషాలు వేగాక శనగలు, వాటి నీళ్ళు, నాలుగు గ్లాసులకు తక్కువైనంత మామూలు నీళ్ళు పోసి ఎసరు బాగా మరగనివ్వండి. మరుగుతున్న ఎసట్లోనే పాస్తా పోయాలి, చల్లటి నీళ్ళలో కాదు. పోసిన తర్వాత మొదటి రెండు నిమిషాలు గరిటె ఆపకండి. పాస్తా ఒంటి మీది పిండి అప్పుడే నీళ్ళలోకి దిగుతుంది, ఆ జిగురుకే ఒకదానికొకటి అతుక్కుంటాయి, అడుగు పడతాయి. ఆ రెండు నిమిషాలు దాటాక గరిటెకు అడ్డం తగలడం తగ్గి గొట్టాలు విడివిడిగా జారుతాయి. మీకే తెలుస్తుంది.

మొదటి కొన్నిసార్లు కుక్కర్ మూత పెట్టకండి. మామూలు పళ్ళెం మూత వేసి, మంట మధ్యస్థంగా ఉంచి, మూడు నిమిషాలకోసారి అడుగునుంచి కలపండి. పదో నిమిషంలో ఒక గొట్టం తీసి మధ్యకు కోసి చూడండి. గొట్టం గోడ మధ్యలో సన్నటి తెల్ల గీత కనబడుతుంది. అది పచ్చి పిండి. దారమంత సన్నబడ్డాక పొయ్యి కట్టేసి, మూత పెట్టి ఐదు నిమిషాలు వదిలేస్తే ఆ గీత లోపలి వేడికే పోతుంది. గీత పూర్తిగా పోయేదాకా మంట మీదే ఉంచితే వడ్డించేసరికి ముద్ద. నా మొదటి రెండు పాస్తాలూ పాడవడానికి ఎక్కువ నీళ్ళతో పాటు ఇదీ ఒక కారణం.

పొయ్యి కట్టేటప్పుడు కొంచెం పల్చగా, సాంబారుకూ పప్పుకూ మధ్యలో ఉన్నట్టు ఉంటుంది. కంగారుపడి ఇంకా ఇగరబెట్టకండి. ఐదు నిమిషాల్లో అదే చిక్కబడుతుంది, ఎందుకంటే అది గంజి. అన్నం వార్చిన గంజి ఎలా తొరక కడుతుందో ఇదీ అంతే. వార్చే పద్ధతిలో చేసే ఇటలీ వాళ్లు కూడా ఆ గంజి ఒక గరిటెడు దాచి సాస్‌లో కలుపుతారు. మనకు గంజంతా గిన్నెలోనే ఉంది, కాబట్టి మీగడ, మైదా, పాలు ఏమీ లేకుండానే సాస్ చిక్కగా వస్తుంది. ఖర్చు తగ్గేది అసలు ఇక్కడే. పాలు పోయాలనిపిస్తే వద్దు, టమాటా పులుపుకు విరిగిపోతాయి. పొయ్యి కట్టేశాక రెండు చీజ్ క్యూబులు తురిమి కలపండి, లేదా ఒక పెద్ద చెంచా మీగడ.

చేయి తిరిగాక కుక్కర్ మూత పెట్టుకోవచ్చు. అప్పుడు నీళ్ళు మూడున్నర గ్లాసులు చాలు, ఆవిరి పోదు కాబట్టి. పెద్ద మంట మీద ఒక విజిల్, తర్వాత సిమ్‌లో నాలుగు నిమిషాలు. ఆపగానే కుక్కర్‌ను కుళాయి కింద పెట్టి పక్కల మీద చన్నీళ్ళు పోసి ఆవిరి దింపాలి, దానంతటదే దిగేదాకా ఉంచితే లోపల ఉడుకుతూనే ఉంటుంది. ఒక్క జాగ్రత్త: పాస్తా నురగ పొంగుతుంది, విజిల్ దారికి అడ్డం పడొచ్చు. కుక్కర్ సగానికి మించి నింపకండి.

మొన్న శుక్రవారం మా ఇంటి లెక్క: పాస్తా 80 రూపాయలు, టమాటా 15, ఉల్లిపాయలు 10, క్యారెట్, క్యాప్సికం 25, శనగలు 15, చీజ్ క్యూబులు 30, నూనె వెల్లుల్లి కలిపి 15. మొత్తం 190, అంటే మనిషికి 38 రూపాయలు. కూరగాయలు రైతు బజారులో తెస్తాం కాబట్టి ఆ ధర. టమాటా ధర మీదే భయమంతా. 2023 జులైలో కిలో వంద దాటినప్పుడు రెండు టమాటాలే వేసి, మిగతా దానికి ఉడికించి మెదిపిన ఎర్ర గుమ్మడికాయ, చిన్న రేగుపండంత చింతపండు రసం కలిపాను. రంగు వచ్చింది, చిక్కదనమూ వచ్చింది. మా చిన్నది గుమ్మడికాయ ముట్టని పిల్ల, కానీ ఆ రోజు రెండోసారి వడ్డించమంది.

ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఇంకో మాట. మా అత్తయ్యగారికి పళ్ళు సరిగ్గా లేవు, ఆవిడకు పలుకు తగలకూడదు. మా అందరికీ వడ్డించాక అడుగున రెండు గరిటెలు ఉంచి, అర గ్లాసు వేడి నీళ్ళు పోసి, సిమ్‌లో ఇంకో నాలుగు నిమిషాలు ఉంచుతాను. మిరియాల పొడి, ఒక చుక్క నెయ్యి. గొట్టాల ఉప్మా అంటారావిడ. మొదట్లో శుక్రవారం వస్తే ఆవిడకు విడిగా ఇడ్లీ వేసేదాన్ని, ఇప్పుడు శనగలు నానబోశావా అని ఆవిడే ఫోన్ చేస్తారు.

పొద్దున బాక్సులోకి కావాలంటే చీజ్ కలపకముందే తీసి పక్కన పెట్టుకోండి. రాత్రికి రాత్రి గంజినంతా పీల్చేసి గట్టిపడుతుంది, పాడైందనుకోకండి. మూకుట్లో నాలుగు చెంచాల వేడి నీళ్ళు చిలకరించి మూత పెడితే మళ్ళీ విడిపోతుంది. మొదటిసారి మాత్రం పని రోజు రాత్రి వద్దు, ఆదివారం చేసి చూడండి. మీ గిన్నెకు, మీ పొయ్యికి ఒక పావు గ్లాసు అటో ఇటో అవుతుంది, అది ఎంతో చూసుకుని, కొలిచిన గ్లాసు మాత్రం మార్చకండి.