పాత బజారుకి ఫ్లాట్లు కాదు, వీధి వైపు కొట్లు కావాలి

పాత టౌన్‌లో ఇళ్లు కొట్టేసి అపార్ట్‌మెంట్లు కడితే, కొత్త జనం వచ్చి, పడిపోయిన బజారు మళ్లీ లేస్తుందా అని ఒకరు అడిగారు. లేవదు. రాజమండ్రి కోటగుమ్మం దగ్గర మా నాన్నగారికి ముప్పై ఏళ్లు స్టీలు సామాన్ల కొట్టు ఉండేది, నేను కళ్లారా చూశాను.

మా కొట్టు ఎదురుగా పెద్ద మండువా ఇల్లు ఉండేది. వీధి వైపు గదులు టైలరుకి, గాజుల కొట్టుకి, కిళ్లీ కొట్టుకి, పిండిమరకి అద్దెకిచ్చారు. దాన్ని కొట్టేసి ఫ్లాట్లు కట్టడానికి బిల్డరుకి డెవలప్‌మెంట్‌కి ఇచ్చారని తెలిసిన రోజు నాన్నగారి సంబరం ఇంతా అంతా కాదు. "ఇరవై ఫ్లాట్లురా, ఇరవై కొత్త కాపురాలు" అని అప్పు తెచ్చి మరీ సరుకు దింపారు. కట్టినన్నాళ్లూ ఇసుక, కంకర మా గుమ్మం ముందే పోశారు, కాలవ పూడిపోయి వాన పడితే కొట్లోకి మురుగు నీళ్లే, ఎవరికి చెప్పుకున్నా పట్టించుకున్న నాథుడు లేడు.

గృహప్రవేశాలయ్యాయి. ఓ సాయంత్రం కొట్లో కూర్చుని ఎదురుగా లైట్లు లెక్కపెట్టాను. ఏడు. మిగతా వాటికి తాళాలే, హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉన్నవాళ్లు రేటు పెరుగుతుందని కొని పెట్టుకున్నవి. ఉన్న ఏడు కుటుంబాలూ కార్లో వెళ్లి కార్లోనే వస్తాయి. కిందంతా పార్కింగ్, వీధి వైపు గోడ, గేటు, వాచ్‌మన్ కుర్చీ, అంతే.

పిండిమర పోవడమే మాకు అసలు దెబ్బ. పిండి ఆడేదాకా ఆడవాళ్లు మా కొట్లో కూర్చుని, ఊరికే అదీ ఇదీ చూస్తూ చివరికి ఓ గరిటో డబ్బానో కొనేవాళ్లు. కొత్త జనం రాకపోగా వాళ్లూ రావడం మానేశారు.

అసలు ఈ బజారు ఏనాడూ పక్కింటివాళ్ల మీద బతకలేదండీ. కోనసీమ వాళ్లు కోటిపల్లి బస్టాండులో దిగి వచ్చేవాళ్లు. 1974లో రోడ్డు కమ్ రైలు వంతెన వచ్చాక కొవ్వూరు వైపు వాళ్లు బస్సెక్కి వచ్చేవాళ్లు. సారె సామాను కోసం పదిమంది కలిసొచ్చి పొద్దంతా కొట్లన్నీ తిరిగేవాళ్లు. ఇప్పుడు వాళ్లకి ఊళ్లోనే షోరూములు, చేతిలో ఫోన్లు. 2027 పుష్కరాలతో అంతా మారిపోతుందంటున్నారు, 2015లోనూ అలాగే అన్నారు. పన్నెండు రోజులు ఇసకేస్తే రాలనంత జనం, పదమూడో రోజు ఖాళీ.

మీ వీధిలో ఎవరైనా స్థలం బిల్డరుకి ఇస్తుంటే, కింద వీధి వైపు చిన్న షట్టర్లు పెట్టించమని, పాత అద్దెదారులకే ముందు ఇమ్మని అగ్రిమెంటుకి ముందే అడగండి. మేము ప్లాను పాసయ్యాక అడిగాం, అప్పటికే పార్కింగ్‌కి గుర్తులు పెట్టేశారు.