రెండు చీలమండల పైన నల్లబడి దురద పెట్టే చర్మం: తామర అనుకునే ముందు సిరలను చూపించండి

మీ అమ్మగారికి రెండు కాళ్ళకూ చీలమండల పైన చర్మం నల్లబడి, పొలుసులు రాలుతూ దురద పెడుతోందని, తామర మందు రాస్తున్నా తగ్గడం లేదని, ఏ పరీక్ష చేయించాలని అడిగారు. నేను వైద్యుణ్ణి కాను. అయితే మా నాన్నగారు ఇదే బాధను, దాని అసలు కారణం తెలియకుండా, చాలాకాలం పడ్డారు. అందుకే చెబుతున్నాను: పరీక్షల సంగతి తరువాత, ముందు ఆవిడను నిలబెట్టి కాళ్ళు చూసే వైద్యుడి దగ్గరకు తీసుకువెళ్ళండి.

నాన్నగారు కాకినాడలో టిఫిన్ హోటలు నడిపేవారు. తెల్లవారుజాము నుంచి మధ్యాహ్నం దాకా పెనం ముందు నిలబడే ఉండేవారు. చీలమండల లోపలివైపు గోధుమరంగు మచ్చలతో మొదలై, తరువాత దురద, గోకితే రసి కారడం వచ్చాయి. మందుల దుకాణంలో తామర అన్నారు. ఒక ఆసుపత్రిలో సెల్యులైటిస్ (చర్మం లోపలి పొరలకు బ్యాక్టీరియా సోకడం) అని చెప్పి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు చేశారు. మా వైపు కాలు వాస్తే బోదకాలేమోనన్న భయం ఎప్పుడూ ఉంటుంది కాబట్టి, ఆ క్రిములు రక్తంలో కనబడేది రాత్రివేళే కనుక, రాత్రిపూట రక్తం కూడా తీయించాము. అందులో ఏమీ లేదు.

చివరికి ఒక పెద్దవయసు చర్మవైద్యుడు నాన్నగారిని పంచె మోకాళ్ళ పైకి ఎత్తి కట్టుకుని, గోడవైపు తిరిగి కొన్ని నిమిషాలు నిలబడమన్నారు. బల్ల మీద పడుకున్నంతసేపూ మామూలుగా కనబడిన కాళ్ళలో, పిక్కల లోపలి పక్కన, తాళ్ళలా మెలికలు తిరిగిన సిరలు పైకి తేలాయి. ఆయన ముంగాలి ఎముక మీద బొటనవేలితో కాసేపు నొక్కి పట్టి తీస్తే పడిన గుంట నెమ్మదిగా పూడింది. సాయంత్రానికి చెప్పులు బిగుసుకుంటాయా, పొద్దున లేచేసరికి వాపు తీస్తుందా, ఏం పని చేస్తారు, రక్తపోటుకు ఏ మాత్ర వేసుకుంటున్నారు అని వరుసగా అడిగారు. అమ్లోడిపిన్ వంటి మాత్రలు కూడా కాళ్ళ వాపు తెస్తాయని, గుండె, మూత్రపిండాల జబ్బుల వల్ల వచ్చే కాళ్ళ వాపు వేరని, అవన్నీ తేల్చుకున్నాకే మాట్లాడతానని అన్నారు. మచ్చ మీద టార్చి వేసి చీటీ రాసి పంపే వైద్యం ఈ జబ్బుకు ఎందుకు పనికిరాదో నాకు ఆ గదిలోనే అర్థమైంది.

కాలి సిరల్లో రక్తం కిందికి జారకుండా ఆపే కవాటాలు పాడైతే, నిలబడినప్పుడల్లా చీలమండల దగ్గర ఒత్తిడి పెరిగి, రక్తకణాలు సన్నని నాళాల నుంచి చర్మంలోకి వెలువడతాయి. వాటిలోని ఇనుము అక్కడే మిగిలిపోయి గోధుమరంగు తెస్తుంది, చర్మం వాచి ఎగ్జిమాగా మారుతుంది. మన చాయ చర్మం మీద ఎరుపు సరిగ్గా కనబడదు కాబట్టి, నలుపునే చూసి పైపూతలతో సరిపెట్టేవారు ఎక్కువ.

దీన్ని నిర్ధారించేది డాప్లర్ స్కాన్, అంటే సిరల్లో రక్తం ఎటు పారుతోందో తెర మీద చూపే అల్ట్రాసౌండ్ పరీక్ష. నాన్నగారి చీటీ మీద "నిలబెట్టి తీయాలి" అని ప్రత్యేకంగా రాసి ఉన్నా, స్కానింగ్ కేంద్రంలో పడుకోబెట్టబోయారు; నేను చీటీ చూపించి పట్టుబట్టాను. నిలబెట్టి, పిక్కను పిండి వదిలినప్పుడు, తొడ లోపలివైపు సిరలో రక్తం అరసెకనుకు మించి వెనక్కి పారితే కవాటం పనిచేయడం లేదని లెక్క. తెర మీద రంగు మారి చాలాసేపు అలాగే ఉండిపోవడం నేను స్వయంగా చూశాను.

రెండు కాళ్ళకూ ఒకేసారి సెల్యులైటిస్ రావడం చాలా అరుదు. అది సాధారణంగా ఒక కాలికే, వేడిగా, నొప్పిగా, తరచు జ్వరంతో వస్తుంది. ఫంగస్ వల్ల వచ్చే తామరా కాదా అన్నది పొలుసు గీకి సూక్ష్మదర్శినిలో చూస్తే తేలుతుంది. బోదకాలులో పాదం పైభాగం, వేళ్ళు కూడా వాస్తాయి. సిరల జబ్బులో వాపు ఎక్కువగా చీలమండల దగ్గరే ఉంటుంది. చర్మం ముక్క కోసి చేసే పరీక్షకు (బయాప్సీ) మాత్రం తొందరపడకండి, అక్కడి గాయం మానడం కష్టం.

నాకు మండిపోయే విషయం ఇంకొకటి ఉంది. మందుల దుకాణాల్లో అడగగానే ఇచ్చే మిశ్రమ క్రీములలో చాలావాటిలో స్టెరాయిడ్‌తో పాటు నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఉంటుంది. ఇలాంటి చర్మానికి అది సులువుగా పడకుండా పోతుంది, అప్పుడు మందే కొత్త ఎగ్జిమా తెస్తుంది. ఇప్పుడు రాస్తున్న గొట్టాన్ని వైద్యుడికి తప్పక చూపించండి.

జబ్బు ఇదేనని తేలితే బిగువు మేజోళ్ళు వేసుకోమంటారు. అవి కొనే ముందు పాదంలో నాడి చూపించి, చీలమండ దగ్గరి రక్తపోటును చేతి రక్తపోటుతో పోల్చి చూడమని అడగండి. మధుమేహం ఉన్నవారికి ఇది మరీ అవసరం, ఎందుకంటే ధమనులు మూసుకుపోయిన కాలికి ఆ బిగువు ప్రమాదకరం. ఒక కాలు ఒక్కటే హఠాత్తుగా వాచి పిక్క నొప్పి పెడితే మాత్రం ఇవేవీ ఆలోచించకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి, సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.