సమాజ సేవ కాదు, పాత చట్టం అడగండి

(ఈ శీర్షికలో జవాబులిస్తున్నది నెల్లూరులో ఉంటున్న విశ్రాంత ప్రొబేషన్ అధికారి)

ప్రశ్న: అయ్యా, మా అక్క కొడుక్కి ఇరవై ఏళ్లు. అల్లూరు దగ్గర రొయ్యల గుంటల మీద పనిచేస్తాడు. పోయిన ఏడాది స్నేహితుడితో కలిసి కావలిలో మోటారు సైకిల్ దొంగతనం చేసి దొరికిపోయాడు. బండి యజమానికి చేరింది. అంతకుముందు ఏ కేసూ లేదు. శిక్ష తప్పేలా లేదని వకీలుగారు అంటున్నారు. కొత్త చట్టంలో జైలుకు బదులు సమాజ సేవ చేయిస్తారట కదా, మావాడికి వస్తుందా?
- ఒక పిన్ని, అల్లూరు

జవాబు: రాదమ్మా. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సమాజ సేవ ఒక శిక్షగా చేరిన మాట నిజమే. కానీ అది పట్టుమని పది నేరాలకైనా లేదు. దొంగతనం కేసులో అయితే సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండాలి, మొదటిసారి దోషిగా తేలి ఉండాలి, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేయాలి. మోటారు సైకిల్ ఆ లెక్కలో ఇమడదు.

కొత్తది కాబట్టి అందరూ దాని గురించే అడుగుతున్నారు. మీవాడికి పనికొచ్చేది 1958 నాటి నేరస్థుల ప్రొబేషన్ చట్టం. ప్రొబేషన్ అంటే జైలుకు పంపకుండా, సక్రమంగా ఉంటానని బాండు రాయించుకుని వదలడం. అందులో ఆరో సెక్షన్ ప్రకారం, యావజ్జీవం పడే నేరం కానప్పుడు, 21 ఏళ్లు నిండనివాణ్ని కోర్టు జైలుకు పంపకూడదు. పంపక తప్పదనుకుంటే ఎందుకో కారణాలు రాయాలి. వయసు చూసేది నేరం జరిగిన రోజుకు కాదు, దోషి అని కోర్టు తేల్చిన రోజుకు. పుట్టినరోజు ఎప్పుడో మీరు రాయలేదు. దగ్గర పడుతుంటే వాయిదాలు అడగవద్దని వకీలుగారికి ఈ రోజే చెప్పండి. 21 దాటినా నాలుగో సెక్షన్ ఉంది, దానికి వయసుతో పని లేదు. కాకపోతే అక్కడ అంతా జడ్జిగారి విచక్షణ.

ఆరో సెక్షన్ కింద కోర్టు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుంటుంది. అలాంటి నివేదికల కోసం నేను చెప్పకుండా వెళ్లేవాణ్ని. ఊళ్లో పెద్దమనుషులందరూ "బంగారంలాంటి పిల్లాడండీ" అంటారు. దానితో నాకు పని లేదు. "ఆదివారం తాగితే సోమవారం రాడండి, కానీ వల విసరడంలో వాడికి వాడే సాటి, వస్తే మళ్లీ పెట్టుకుంటాను" అన్న గుంటల యజమాని మాటకే నా నివేదికలో చోటు. నాలుగో సెక్షన్ కూడా ఇదే చూస్తుంది: మనిషికిగాని, జామీను ఉన్నవాళ్లకుగాని ఆ ప్రాంతంలో స్థిరమైన ఇల్లో, నిలకడైన పనో ఉండాలి. కాబట్టి అక్కగారి ఇంటి చిరునామా రుజువు, పనిలో పెట్టుకుంటానని యజమాని రాసిచ్చిన కాగితం సిద్ధం చేసుకోండి. ఆ రెండో వాడితో తిరుగుళ్లు ఇంకా సాగుతుంటే మాత్రం నివేదికలో అదీ పడుతుంది.

ప్రొబేషన్ ఇస్తే మూడేళ్లకు మించని బాండు రాయించుకుంటారు. పర్యవేక్షణ విధిస్తే ఏడాదికి తక్కువ ఉండదు. షరతు తప్పితే పాత నేరానికే శిక్ష వేయవచ్చు. షరతు తప్పడం మొదటిసారి అయితే 50 రూపాయల లోపు జరిమానాతో సరిపెట్టే వీలూ ఉంది. 1958లో 50 రూపాయలంటే మాటలా! ఇప్పుడు ఆ అంకె చూసి కుర్రాళ్లు నవ్వుతారు, బాండు సంగతి మరిచిపోతారు.

ప్రొబేషన్ వస్తే, పన్నెండో సెక్షన్ వల్ల దోషిగా తేలడం అనర్హతగా వెంటాడదు. అయినా ఉద్యోగ దరఖాస్తులో కేసు గురించి అడిగితే దాచవద్దు. దాచినందుకే ఉద్యోగాలు పోయినవాళ్లున్నారు.

వకీలు ఫీజు భారమైతే 15100కు ఫోను చేయండి, న్యాయ సేవల సంస్థ వాళ్లు పలుకుతారు.

ప్రశ్న: మా ఆయన లారీ డ్రైవరు. నాలుగేళ్లు చెముడుగుంట జైల్లో ఉండి వచ్చారు. లైసెన్సు గడువు తీరి రెండేళ్లయింది. జైలుకు వెళ్లినవాళ్లకు ఇక ఇవ్వరని, తాను చూసుకుంటానని ఒక ఏజెంటు పాతిక వేలు అడుగుతున్నాడు. ఇన్నాళ్లూ దుబాయిలో ఉన్నాడని చెప్పమంటున్నారు మా అత్తగారు.
- ఒక ఇల్లాలు, చీమకుర్తి

జవాబు: ఏజెంటు మాట అబద్ధం, రూపాయి ఇవ్వకండి. జైలుకు వెళ్లినంత మాత్రాన లైసెన్సు రద్దు కాదు. గడువు దాటి ఏడాది మించింది కాబట్టి డ్రైవింగ్ పరీక్ష మళ్లీ పాసవ్వాలి. రవాణా వాహనం కాబట్టి వైద్యుడి ధ్రువపత్రం కూడా కావాలి. పనిలో పనిగా ఓటర్ల జాబితాలో ఆయన పేరు ఉందో లేదో చూడండి, పోయి ఉంటే పేరు చేర్చమని ఫారం 6 ఇవ్వండి. లోపల ఉన్నప్పుడు ఓటు వేయకూడదు, బయటికొస్తే వేయవచ్చు.

దుబాయి మాట వద్దమ్మా. చీమకుర్తిలో గ్రానైట్ లారీల వాళ్లు ఒకరినొకరు ఎరగనిదెక్కడ? మొదటి ట్రిప్పుకే బయటపడుతుంది. ఏ యజమాని దగ్గరికి వెళ్తున్నారో ఆయనకు ముందే, మీవారి నోటితోనే చెప్పించండి. మీ అత్తగారు చుట్టాలకు ఏం చెప్పుకుంటారో అది ఆవిడ ఇష్టం.