డాట్రుబాబూ, గేస్ పట్టీసింది!

చి. అమ్మడికి పెదనాన్న ఆశీస్సులు.

పీహెచ్‌సీలో డాక్టరుగా చేరి నెలైనా కాకుండానే నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. సగం మాటలు నీ నవ్వులోనే కలిసిపోయాయి. కామెర్లని మూడు వారాలు పసుపు వెయ్యని కూరలు తిన్నాయన కథ నీకు కొత్త. నాకు సంక్రాంతి లాగా ఏటా వచ్చేదే. పసుపు తింటే కామెర్లు ముదురుతాయని అక్కడ ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు, రెండింటి రంగూ ఒకటే కదా! శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు ఇరవై తొమ్మిదేళ్లు డాక్టరుగా చేసినవాణ్ణి కాబట్టి తోచినవి రాస్తున్నాను. చదివేటప్పుడు నవ్వుకో, ఓపీలో మాత్రం నవ్వకు. ఒక్కసారి నవ్వావంటే ఆ మనిషి తన బాధ ఇంక నీకు చెప్పడు, వెళ్లి పసరు మందు ఇచ్చేవాడికి చెప్పుకుంటాడు.

నువ్వు ఇంగ్లీషులో చదువుకున్న లక్షణాలేవీ ఇక్కడికి ఆ పేర్లతో రావు. "వేడి చేసింది" అంటే నోటిపూత కావచ్చు, మూత్రంలో మంట కావచ్చు, మొలలైనా కావచ్చు. "ఎక్కడమ్మా వేడి?" అని అడిగితే చెబుతారు, కాస్త సిగ్గు తీరాక. నీరసమైతే ఇంకా పెద్ద సంచి. ఒంట్లో రక్తం తక్కువైనా నీరసమే, కోడలు మాట్లాడకపోయినా నీరసమే. "నరాల వీక్‌నెస్" అని షుగర్ మనిషి అంటే మాత్రం బీ కాంప్లెక్స్ రాసి పంపెయ్యకు. చెప్పులు విప్పించి అరికాళ్లు చూడు. మేకు దిగినా తెలియకుండా నడిచొచ్చినవాళ్లను చూశాను.

ఒకాయనకు బీపీ చూస్తే 180/110. "నాకు బీపీ ఏటి బాబూ, నానెవర్నీ కసరను కదా" అని వాదన. పక్కనే ఉన్న వాళ్లావిడ, "నిజమే బాబూ, బీపీ నాది. ఆ బిళ్లలు నాకు రాయండి" అంది. చూస్తే ఆవిడకు 120/80. ఆ ఇంట్లో కోపమంతా ఆవిడది, బీపీ అంతా ఆయనది. బీపీ అంటే కోపం కాదని చెప్పడానికి నాకు అరగంట పట్టింది. అయినా ఆయన నమ్మలేదనుకుంటాను, ఆవిడ చేతికి మిషన్ కట్టి ఇంకోసారి చూడమన్నాడు.

ఇక్కడ నడుం పట్టేస్తే కిడ్నీ పోయినట్టే లెక్క. ఇది తీసిపారేసే భయం కాదు, వాళ్లు తమ వీధిలోనే డయాలసిస్‌కి వెళ్లేవాళ్లను చూస్తున్నారు. చిక్కేమిటంటే, కొబ్బరిచెట్టెక్కి నడుం బెణికినవాడు కిడ్నీ అని ఏడుస్తూ వస్తాడు. నిజంగా కిడ్నీలు దెబ్బతింటున్నవాడు నొప్పీ గిప్పీ లేకుండా హాయిగా తిరుగుతుంటాడు. అందుకని నడుం నొప్పితో వచ్చినవాడికి కండరం సంగతి చెప్పు, క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించు. వెంట వచ్చిన తమ్ముడికీ చేయించు. నాకు ఎక్కువగా దొరికింది ఆ తమ్ముళ్లే.

ఇప్పుడు మన తప్పులు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కుర్రాడికి నీరసమంటే బీ కాంప్లెక్స్ ఇచ్చాను. మూడోరోజు వాళ్ల నాన్న, మామ, ఇంకో ఇద్దరు సీసాలో మూత్రం పట్టుకుని వచ్చారు. "మీ బిళ్లలకి పిల్లాడికి కామెర్లొచ్చేశాయి!" పచ్చగా, మెరుస్తూ ఉంది. ఆ మాత్రల్లోని రైబోఫ్లావిన్ రంగు అది. ముందే ఒక్కమాట చెప్పి ఉంటే ఆ నలుగురికీ బస్సు చార్జీలు మిగిలేవి. ఐరన్ మాత్రలిచ్చినప్పుడు విరోచనం నల్లగా వస్తుందని, టీబీ మందిచ్చినప్పుడు మూత్రం ఎర్రగా వస్తుందని నువ్వే ముందు చెప్పెయ్. లేకపోతే గర్భిణులు ఐరన్ మాత్రలు చూరులో దాచేస్తారు, మనకేమో వేసుకుంటున్నామనే చెబుతారు.

ఇంకొకాయనకు "భోజనం తర్వాత వేసుకో" అని యాంటీబయాటిక్ ఇస్తే, రోజుకి మూడు వెయ్యాల్సింది ఒక్కటే వేశాడు. పొద్దున్న చద్దన్నం, రాత్రి రొట్టె. "భోజనం మజ్జానమే కదా బాబూ!" ఆయన లెక్కలో తప్పేముంది? ఆయాసంతో వచ్చిన ఒక మేష్టారికి ఇన్హేలర్ ఎలా వాడాలో నేనే పట్టుకుని చూపించాను. మందు వృథా అవుతుందని మూత తియ్యకుండా చూపించాను. ఆయన నెలరోజులు మూత తియ్యకుండానే పీల్చాడు, పైగా కొంచెం నయంగా ఉందన్నాడు! అప్పటినుంచి ఏది చెప్పినా, "ఇంటికెళ్లి ఎలా వాడతావో నాకు చూపించు" అని వాళ్లచేతే చేయించేవాణ్ణి. రిపోర్టు "నెగటివ్" అని కూడా ఊరికే అనకు. ఆ మాట విని కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లులున్నారు. "జబ్బు లేదమ్మా" అను.

సీసా గొడవ నీకు ఈపాటికే ఎదురై ఉంటుంది. "ఓ సీసా ఎక్కించండి, లేచి కూర్చుంటాడు." ఐదు శాతం గ్లూకోజు అరలీటరు సీసాలో ఉండేది 25 గ్రాములు, అంటే ఐదారు చెంచాల పంచదార. ఈ లెక్క చెబితే కొందరు వింటారు, కొందరు "పక్క ఊరు ఆర్ఎంపీ ఎక్కిస్తాడు" అని లేస్తారు. నిజం చెప్పాలంటే, రాత్రి పదింటికి ఓపిక చచ్చి నేనూ ఎక్కించిన రోజులున్నాయి. నువ్వు అది నేర్చుకోకు. కుట్లు వేయించుకున్నవాళ్లు చీము పడుతుందని పప్పూ గుడ్డూ మానేస్తారు, పుండు మానాలంటే కావలసింది అవేనని గట్టిగా చెప్పు. కుక్క కరిచిందని చెప్పకుండా దాచే పెద్దవాళ్లూ ఉంటారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల భయం ఇంకా పోలేదు. ఆ పాత టీకా 2005 నాటికే పోయింది, ఇప్పుడు చేతికే అని ఓపీ గోడమీద పెద్ద అక్షరాలతో రాయించు.

సెల్‌ఫోన్‌లో జబ్బు చూసుకుని వచ్చే కుర్రాళ్ల గురించి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. వాళ్లతో వాదించకు, "దేనికి భయపడుతున్నావ్?" అని అడుగు. రెండు నిమిషాల్లో బయటికొస్తుంది. చాలాసార్లు ఇంట్లో ఎవరో ఆ జబ్బుతో పోయి ఉంటారు.

నవ్వురానిది ఒకటి రాయాలి. నా రెండో ఏడాదిలో ఒక రైతు వచ్చాడు, యాభై దాటినవాడు. "గేస్ పట్టీసింది డాట్రుబాబూ" అని పైకడుపు మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. ముందురోజు పెళ్లిభోజనమట. నేనూ గ్యాసే అనుకున్నాను, తెల్లమందు ఇచ్చి పంపేశాను. చొక్కా చెమటకు తడిసి ఉండటం చూశాను, ఎండ కదా అనుకున్నాను. సాయంత్రం ఎడ్లబండిలో తెచ్చారు, అప్పటికే ప్రాణం పోయింది. అది గుండెపోటు. జబ్బు పేరు ఆయన తప్పు చెప్పాడు, సరే. నేను కూడా ఆయన చెప్పిన పేరే చీటీ మీద రాశాను. గ్యాస్ అన్న ప్రతివాడికీ, నలభై దాటితే చాలు, ఈసీజీ తియ్యి. చెమట పట్టినా, వాంతి అయినా, షుగర్ ఉన్నా వయసు కూడా చూడకు. వందమందికి తీస్తే తొంభైమందికి గ్యాసే అయి, నర్సమ్మ విసుక్కున్నా పర్లేదు. తేడా కనిపిస్తే ఆస్పిరిన్ నమిలించి 108కి ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ నీకు మాగాయ పంపిస్తోంది, డ్రైవరు దగ్గర తీసుకో.

మరో సంగతి. మీ నాన్న తనకు షుగర్ లేదనీ, "బోర్డర్‌లో ఉంది" అనీ రెండేళ్లుగా చెబుతున్నాడు. ఆ బోర్డర్ ఎంతో నేనడిగితే సిగ్నల్ లేదని ఫోన్ పెట్టేస్తాడు. ఆదివారం ఇంటికెళ్లినప్పుడు పరగడుపున నువ్వే చూసి, అంకె ఎంతో నాకు మెసేజ్ పెట్టు. ముందురోజు రాత్రి చెప్పకు, అన్నం మానేసి పడుకుంటాడు.

నీ పెదనాన్న