పిల్లల వార్డులో నర్స్‌గా ఉన్నా, వాళ్ల భయం పోగొట్టడం నేర్చుకోవాలంటే ఏ కోర్సు చేయాలి?

గుంటూరు నుంచి ఒక అమ్మాయి రాసింది. బీఎస్సీ నర్సింగ్ అయిపోయి రెండేళ్లుగా పిల్లల వార్డులో చేస్తోంది, తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్తం జబ్బు) ఉన్న పిల్లలు మూడు వారాలకోసారి రక్తం ఎక్కించుకోడానికి వస్తారట, "సూది గుచ్చడం వచ్చు మేడమ్, వాళ్ల భయాన్ని ఏం చేయాలో మాకెవ్వరూ నేర్పలేదు, నర్సింగ్ మానేసి డిస్టెన్స్‌లో ఎమ్మెస్సీ సైకాలజీ చేసేయనా, నాన్నేమో జర్మన్ నేర్చుకుని బయటికి వెళ్లిపొమ్మంటున్నారు" అని.

అమ్మా, నర్సింగ్ మాత్రం మానొద్దు. రాత్రి రెండింటికి సెలైన్ పెట్టిన చెయ్యి వాచి పిల్లాడు లేచి ఏడిస్తే అక్కడుండేది సైకాలజిస్ట్ కాదు, నువ్వే.

మా అక్క కొడుక్కి ఏడేళ్లప్పుడు ల్యుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ వచ్చింది, ఆ ట్రీట్‌మెంట్ రెండు మూడేళ్లు నడుస్తుంది, మధ్యమధ్యలో వెన్నులో సూది కూడా వేస్తారు. మొదటిరోజు "చీమ కుట్టినట్టుంటుంది అంతే" అని చెప్పి నలుగురు కాళ్లూ చేతులూ నొక్కి పట్టుకున్నారు, ఇంక ఆ తర్వాత తెల్లకోటు కనిపిస్తే చాలు వాంతి చేసుకునేవాడు. కొన్నాళ్లకి ఇంకో సిస్టర్ వచ్చింది. వాడి ఏనుగు బొమ్మ తొండానికి వాడి చేతే క్యాన్యులా (సెలైన్ ఎక్కించే సన్న గొట్టం) పెట్టించి, ప్లాస్టర్ వేయించి, "నొప్పి పుడుతుంది నాన్నా, నువ్వు పది లెక్కపెట్టేలోపు అయిపోద్ది, ఏడుపొస్తే ఏడువు, చెయ్యి మాత్రం కదపకు, కుడి చెయ్యా ఎడమ చెయ్యా నువ్వే చెప్పు" అంది. వాడు కాసేపు ఆలోచించి ఎడమ చెయ్యి చాపాడు. మా అక్క బయటికొచ్చి ఏడ్చింది, అంతకుముందు ఏ రోజూ వాణ్ని ఎవరూ ఏదీ అడగలేదు మరి. ఆ సిస్టర్‌కి సైకాలజీ డిగ్రీ ఏమీ లేదు.

ఇప్పుడు కోర్సుల సంగతి. డిస్టెన్స్‌లో సైకాలజీ కోర్సుల కొత్త అడ్మిషన్లు 2025 నుంచి యూజీసీ ఆపేయమంది, అంతకుముందు చేసినా దాంతో క్లినికల్ సైకాలజిస్ట్ అయిపోరు, దానికి ఆర్సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) గుర్తింపు ఉన్న కోర్సు చేసి వాళ్ల దగ్గర రిజిస్టర్ అవ్వాలి, ఇది తెలియక ఫీజులు కట్టేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. నీకు దగ్గర దారి ఏంటంటే పోస్ట్ బేసిక్ డిప్లొమా ఇన్ సైకియాట్రిక్ నర్సింగ్, ఏడాది కోర్సు, లేదా ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చైల్డ్ హెల్త్ గానీ సైకియాట్రిక్ గానీ, రెండేళ్లు. బెంగళూరులో మానసిక ఆరోగ్యానికున్న పెద్ద సంస్థ నిమ్హాన్స్‌లో సీటొస్తే ఇంకేం ఆలోచించకు, అక్కడ పిల్లల సైకియాట్రీకి వేరే డిపార్ట్‌మెంటే ఉంది. ఉద్యోగం వదలకుండా చేయాలంటే ఇండియన్ అసోసియేషన్ ఆఫ్ పాలియేటివ్ కేర్ (పెద్ద జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) వాళ్ల సర్టిఫికెట్ కోర్సు ఉంది, డాక్టర్లూ నర్సులూ ఇద్దరూ చేయొచ్చు. సెలవు దొరికితే హైదరాబాద్ ఎమ్ఎన్‌జే క్యాన్సర్ హాస్పిటల్‌లో పిల్లల పాలియేటివ్ కేర్ ఎలా చేస్తున్నారో పర్మిషన్ తీసుకుని ఒకసారి చూసిరా.

అమెరికాలో పిల్లల భయం పోగొట్టే ఈ పనికి చైల్డ్ లైఫ్ స్పెషలిస్ట్ అని వేరే ఉద్యోగమే ఉంది, డిగ్రీతో పాటు 600 గంటల ఇంటర్న్‌షిప్ చేసి పరీక్ష రాయాలి. నొప్పి ఎంతుందో పిల్లలు మొహం బొమ్మ చూపించి చెప్పే ఆరు మొహాల చార్ట్ ఉంది చూడు, వాంగ్-బేకర్ స్కేల్, అది చేసింది ఒక పిల్లల నర్సూ ఒక చైల్డ్ లైఫ్ స్పెషలిస్టూ కలిసే. మన దగ్గర ఆ పేరుతో పోస్టులు చాలా తక్కువ కాబట్టి ఆ పని నర్సులే నేర్చుకోవాలి, అందుకే నువ్వు చివర్లో రాసిన "మా సిస్టర్స్‌కి కూడా నేర్పాలనుంది" అన్న ముక్క నాకు చాలా నచ్చింది.

దానికి నర్సింగ్ సూపరింటెండెంట్‌ని వారానికి అరగంట అడుగు, షిఫ్ట్ మారేటప్పుడైనా పర్లేదు. లెక్చర్ వద్దు, చేసి చూపించు. పిల్లాణ్ని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి నొక్కకుండా అమ్మ ఒళ్లో అమ్మకి ఎదురుగా కూర్చోబెట్టి చెయ్యి చాపించడం, వీలైనంతవరకు సూది పని వాడి మంచం దగ్గర కాకుండా ప్రొసీజర్ రూమ్‌లో చేయడం (మంచమైనా వాడికి భయం లేని చోటు కావాలి కదా), డాక్టర్ రాసిస్తే సూది గుచ్చే చోట మత్తు క్రీమ్ గంట ముందే పూసి ఉంచడం, సబ్బు బుడగలు ఊదించడం. ఇంకోటి, "అల్లరి చేస్తే ఇంకో సూది వేయిస్తా", "మగపిల్లాడివి ఏడుస్తావేంటి" అనే మాటలు వార్డులో ఎవరూ అనకూడదు, అమ్మానాన్నలతో సహా. నాలుగైదేళ్ల పిల్లలు నేను తప్పు చేశాను కాబట్టే జబ్బొచ్చింది అనుకుంటారమ్మా, నోరు విప్పి చెప్పరు అంతే, వాళ్లకి "ఇది నీ వల్ల రాలేదు" అని మళ్లీ మళ్లీ చెప్పాలి.

నాన్నగారి మాట కూడా కొట్టేయకు, ఇంటి అవసరాలు ఆయనకి తెలుసు. సాయంత్రాలు జర్మన్ నేర్చుకో, డిప్లొమా ఎంట్రన్స్ కూడా రాయి, రెండూ చేయొచ్చు. ఆయన నాతో మాట్లాడతానంటే ఆదివారం పొద్దున్న ఫోన్ చేయించు.