మీ డీవీఆర్‌లో ఎన్ని రోజులున్నాయి?

ప్రశ్న: మాది నిజాంపేటలో ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఎనిమిది కెమెరాలు, వాటి వీడియో దాచే 1 టీబీ డీవీఆర్ పెట్టె ఉన్నాయి. దసరాకి ఊరెళ్ళి తొమ్మిది రోజుల తర్వాత వచ్చేసరికి సెల్లార్‌లో మా అమ్మాయి స్కూటీ లేదు. వెళ్ళిన రాత్రే పోయిందని పక్క ఫ్లాట్ వాళ్ళు అంటున్నారు. ఫుటేజ్ చూస్తే గత ఐదు రోజులదే ఉంది. సీసీటీవీ అబ్బాయి "ఓవర్‌రైట్ అయిపోయింది మేడమ్" అన్నాడు. ఎవరైనా కావాలని చెరిపేశారా? ఇప్పుడు ఎన్‌వీఆర్, పీఓఈ, హెచ్.265 అంటూ కొత్త కొటేషన్ ఇచ్చాడు, ఒక్క ముక్క అర్థం కాలేదు.
— ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఎవరో చెరిపేశారని అనుమానించడం ఆపండమ్మా. హార్డ్ డిస్క్ నిండితే డీవీఆర్ ఆగిపోదు, అన్నిటికంటే పాత రికార్డింగ్ మీదే కొత్తది రాసుకుంటూ పోతుంది, ఓవర్‌రైట్ అంటే అదే. ఎన్నాళ్ళకి నిండుతుందన్నది బిట్‌రేట్‌ని బట్టి ఉంటుంది, అంటే ఒక్కో కెమెరా సెకనుకి ఎంత డేటా రాయిస్తోందన్న లెక్క. 2 మెగాపిక్సెల్ కెమెరాని చాలా చోట్ల సెకనుకి 2 మెగాబిట్ల దగ్గర పెట్టి వదిలేస్తారు. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి అది సెకనుకి పావు మెగాబైటు, రోజుకి 86,400 సెకన్లు, వెరసి ఒక్క కెమెరాకే రోజుకి 21.6 జీబీ! మీ ఎనిమిదింటికీ దాదాపు 173 జీబీ. 1 టీబీలో, అంటే వెయ్యి జీబీలో, ఆరు రోజులు కూడా పట్టవు, మీకు కనబడిన ఐదు రోజులు అందుకే.

పైన కొత్తది పడిపోయిన ఫుటేజ్ తిరిగి రాదు, రికవరీ చేస్తామని ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. పోలీస్ కంప్లయింట్ ఇచ్చి, ఇవాళే వీధి చివర షాపుల వాళ్ళనీ ఎదురు అపార్ట్‌మెంట్ వాళ్ళనీ అడగండి, వాళ్ళ డిస్క్ పెద్దదైతే బండి రోడ్డెక్కింది ఇంకా ఉండొచ్చు. దొరికితే మాత్రం మానిటర్‌ని ఫోన్‌తో వీడియో తీసుకుని వచ్చేయకండి, అందరూ చేసే పొరపాటు ఇదే. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్స్‌పోర్ట్ చేయించండి, డీవీఆర్ గడియారం అసలు టైముకి ఎంత ముందుందో వెనకుందో పక్కన రాసిపెట్టండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్‌లో సెక్షన్ 63 కింద ఇలాంటి రికార్డు కోర్టులో సాక్ష్యంగా చెల్లడానికి సర్టిఫికెట్ కూడా కావాలి.

ఇక కొటేషన్. డీవీఆర్‌కి వచ్చేవి అనలాగ్ కెమెరాలు, బీఎన్‌సీ పిన్ను ఉన్న కోయాక్సియల్ వైరులో బొమ్మ వస్తుంది, దాన్ని కుదించే పని డీవీఆర్‌ది. ఎన్‌వీఆర్ కూడా రికార్డింగ్ పెట్టే, కాకపోతే దానికి పెట్టేవి ఐపీ కెమెరాలు, అవి తామే కుదించి నెట్‌వర్క్ కేబుల్‌లో పంపుతాయి. పీఓఈ అంటే అదే కేబుల్‌లో కరెంటు కూడా వెళ్తుందని, కాకపోతే కేబుల్ 100 మీటర్లు దాటకూడదు. హెచ్.265 అనేది 2013లో వచ్చిన కుదింపు పద్ధతి, 2003 నాటి హెచ్.264తో పోలిస్తే అదే నాణ్యతకి దాదాపు సగం చోటు చాలు.

మీ వైర్లు, కెమెరాలు బాగుంటే మొత్తం పీకేసి ఎన్‌వీఆర్‌కి మారాల్సిన పని నాకైతే కనబడట్లేదు. హెచ్.265 ఉన్న డీవీఆర్ ఒకటి, 4 టీబీ డిస్క్ ఒకటి మార్చండి. అప్పుడు 173లో సగం, రోజుకి 86 జీబీ చొప్పున నెలకి 2.6 టీబీ అవుతుంది, హాయిగా పడుతుంది. డిస్క్ మాత్రం ఇరవై నాలుగు గంటలూ రాయడానికి తయారైన సర్వైలెన్స్ డిస్క్ అయ్యుండాలి, పాత కంప్యూటర్‌లోంచి తీసింది పెడితే ఒప్పుకోవద్దు. జనం ఎక్కువగా వచ్చే వ్యాపార స్థలాలకి మన దగ్గర 2013 నాటి పబ్లిక్ సేఫ్టీ చట్టం అడిగేదీ 30 రోజుల ఫుటేజే. కొటేషన్ మీద "ఎనిమిది కెమెరాలు, 30 రోజులు" అని రాయించుకుని సంతకం పెట్టించండి.

ప్రశ్న: షాపు కెమెరాలు ఫోన్‌లో చూడాలని రూటర్‌లో పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టించాను. పాస్‌వర్డ్ కంపెనీ నుంచి వచ్చిందే ఉంది. ఏమైనా ఇబ్బందా?
— కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: చాలా ఇబ్బంది, ఇవాళే మార్చేయండి. పోర్ట్ ఫార్వర్డింగ్ అంటే మీ డీవీఆర్ గుమ్మాన్ని ఇంటర్నెట్ మొత్తానికీ తెరిచిపెట్టడం. 2016లో మిరాయ్ అనే వైరస్ ఇలాంటి డీవీఆర్లు, కెమెరాల్లోకే దూరింది, కంపెనీ పాస్‌వర్డ్‌లు అరవై దాకా వరసపెట్టి ప్రయత్నించి! ఆ ఏడాది అక్టోబర్ 21న వెబ్‌సైట్ల చిరునామాలు వెతికిపెట్టే డిన్ అనే కంపెనీ సర్వర్ల మీద అవన్నీ ఒక్కసారిగా పడితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ ఫార్వర్డింగ్ తీసేయండి, పాస్‌వర్డ్ మార్చండి, డీవీఆర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ని, అంటే ఫర్మ్‌వేర్‌ని, అప్‌డేట్ చేయండి. ఫోన్‌లో చూడటానికి కంపెనీ యాప్ చాలు.

ప్రశ్న: రాత్రయితే గేటు కెమెరాలో తెల్లటి దారాలు ఊగుతుంటాయి, మోషన్ అలర్టులతో నిద్ర లేదు. కెమెరా పాడైందా?
— ఉప్పల్ పాఠకుడు

జవాబు: పాడవలేదు, సాలెగూడు పట్టింది. లెన్స్‌కి బెత్తెడు దూరంలో ఉన్న ఆ పోగు మీద కెమెరా రాత్రిపూట వేసే, కంటికి కనబడని ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) వెలుతురు పడి ట్యూబ్‌లైట్‌లా మెరుస్తుంది, గాలికి ఊగినప్పుడల్లా మనిషి కదిలాడనుకుని అలర్ట్ కొడుతుంది. ఆ మెరుపుకి కెమెరా తీసుకునే వెలుతురు (ఎక్స్‌పోజర్) తగ్గించుకుంటే వెనకాల నిజంగా నిలబడ్డ మనిషి నల్లటి నీడలా మిగులుతాడు. మెత్తటి బ్రష్‌తో దులపండి, అద్దం మీద గీత పడకుండా. మళ్ళీ మళ్ళీ అల్లుతుంటే కెమెరాకి ఐదారు అడుగుల దూరంలో మామూలు బల్బు వేసి, కెమెరాలో ఐఆర్ ఆఫ్ చేయండి. గేటు దగ్గర ముఖాలు రంగుల్లో కూడా పడతాయి.