నేను చేయించని థెరపీకి నా సంతకమా?

ప్రశ్న: మాది బొబ్బిలి. బీఏఎస్‌ఎల్‌పీ (వినికిడి, మాట సమస్యలకు సంబంధించిన డిగ్రీ) చదివి ఒక ప్రైవేటు స్కూల్లో స్పీచ్ థెరపిస్టుగా చేస్తున్నాను. పిల్లలు ఎక్కువయ్యారని సగం మందికి క్లాసు టీచరుతోనే థెరపీ చేయించి, రికార్డులో నన్ను సంతకం పెట్టమంటున్నారు. ఒక బాబు పింఛను కోసం వైకల్య శాతం రాసిమ్మని కూడా అడుగుతున్నారు. నా ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్ల దగ్గరే ఉన్నాయి. కాదంటే ఇబ్బందా?

జవాబు: కాదనండమ్మా, అవుననడంలోనే ఇబ్బంది ఎక్కువ. 1992 నాటి భారత పునరావాస మండలి (ఆర్‌సీఐ) చట్టం 13వ సెక్షన్ ప్రకారం, గుర్తింపు ఉన్న అర్హతతో కేంద్ర రిజిస్టరులో పేరున్నవారే ఈ వృత్తి చేయాలి. ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ టీచరు స్పెషల్ బీఈడీ చేసి ఉన్నా అది ప్రత్యేక ఉపాధ్యాయురాలి నమోదే తప్ప స్పీచ్ థెరపీకి కాదు. ముందు ఆ రిజిస్టరులోని మీ నమోదు సంఖ్య (సీఆర్‌ఆర్ నంబరు) గడువు దాటిందేమో చూసుకోండి. అది దాటి ఉంటే మీ వాదనే బలహీనపడుతుంది.

సంతకం మీదే కాబట్టి ఫోర్జరీ కాదని ఎవరైనా ధైర్యం చెప్పొచ్చు. నిజమే కానీ, థెరపీ ఫీజు తల్లిదండ్రుల దగ్గర వసూలు చేస్తుంటే వ్యవహారం మోసం కిందికి వెళ్తుంది, రికార్డులో ఉండేది మీ పేరు. వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని తేలితే రిజిస్టరు నుంచి పేరు తీసేసే అధికారం మండలికి ఉంది.

మీరు నేర్పినదాన్ని టీచరు సాధన చేయిస్తే తప్పులేదు. రికార్డులో అలాగే రాయాలి: తేదీ, మొదలైన, ముగిసిన సమయం, ఏ శబ్దం మీద పని జరిగింది ('ర' పలకాల్సిన చోట 'ల' పలుకుతున్నాడు, పదం మొదట్లో), 'నా సూచనపై టీచరు చేయించిన సాధన' అన్న మాట, కింద ఆ టీచరు సంతకం. మీరు స్వయంగా చూసిన రోజుకే మీ సంతకం.

వైకల్య శాతం మాత్రం మీరు వేయకూడదు. వికలాంగుల హక్కుల చట్టం, 2016 ప్రకారం ప్రభుత్వం నియమించిన వైద్యాధికారులే ధ్రువపత్రం ఇస్తారు. మన రాష్ట్రంలో అది సదరం శిబిరం పని. పింఛనుకు కనీసం 40 శాతం కావాలి. మీరు చేసిన పరీక్షలు, గమనించినవి రాసి, వినికిడి పరీక్ష ఫలితం జతచేసి, సదరానికి పంపాలని సూచించండి. అంతవరకే.

ఇక సర్టిఫికెట్లు. బాండు రాసిచ్చినా వాటిని అట్టిపెట్టుకునే హక్కు స్కూలుకు లేదు. తమకు నష్టం జరిగిందనుకుంటే స్కూలువాళ్లే కోర్టుకెళ్లి రుజువు చేసుకోవాలి. వారం గడువిచ్చి, అందినట్టు రుజువు వచ్చేలా స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. ఫోన్లో అడిగితే ఆధారం మిగలదు. మానేస్తే రెండు పనిదినాల్లో బకాయి జీతం ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. ఉత్తరానికి జవాబు రాకపోతే విజయనగరం జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. వెళ్లేటప్పుడు నియామక పత్రం, జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంటు, సంతకం పెట్టమన్న వాట్సాప్ మెసేజీల ప్రింట్లు తీసుకెళ్లండి.